లైసెన్స్ లేని చల్లదనం

ఫిర్యాదు కాగితం చివరిదాకా చదివి, మళ్లీ మొదటికొచ్చి చదివి, ఎస్సై జక్రయ్య తలెత్తాడు.

“ఇంతకీ ఏం పోయిందయ్యా?”

“ఏం పోలేదు సార్,” అన్నాడు కోటేష్.

“ఏమన్నా పగలగొట్టారా?”

“లేదు సార్. తాళం తీశారు.”

“ఎవరి తాళం?”

“వాళ్ల కోల్డ్ స్టోరేజీలో, వాళ్లు కొనుక్కున్న ప్యానెల్‌కి, మా కంపెనీ వేసిన తాళం సార్.”

జక్రయ్య కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఎక్కడికన్నా ఎగిరిపోతే బాగుండునన్నట్టు దానివంక చూశాడు. ఫ్యాను తిరుగుతున్నా అది కదల్లేదు.

“అంటే, ఒకడు తన బీరువా తాను తెరుచుకున్నాడని, బీరువా చేసినోడొచ్చి కేసు కట్టమంటున్నాడు. అంతేనా?”

దారి పొడుగునా బండి మీద వల్లె వేసుకుంటూ వచ్చిన ముక్కలు కోటేష్ అప్పజెప్పాడు. ప్యానెల్ వాళ్లదే. అందులో నడిచే ప్రోగ్రాం మాత్రం కంపెనీది. వాళ్లకు అమ్మింది వాడుకునే హక్కు ఒక్కటే. ప్రోగ్రాంకి వేసిన తాళాన్ని తప్పించడం కాపీరైట్ చట్టం అరవై అయిదు-ఏ కింద నేరం. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

కోటేష్ పనిచేసే హైదరాబాదు కంపెనీ కోల్డ్ స్టోరేజీలకు కంట్రోల్ ప్యానెళ్లు బిగిస్తుంది. ఏ చాంబర్లో ఎంత చలి ఉండాలో చూసుకుంటూ కంప్రెసర్‌ను నడపడం, ఆపడం ఆ ప్యానెల్ పని. సత్తెనపల్లి నుంచి పొదిలి దాకా ఎక్కడ ప్యానెల్ మూలిగినా కోటేషే పరుగెత్తాలి. ఏళ్ల తరబడి పరుగెత్తుతూనే ఉన్నాడు. నడుం అరిగింది, బండి అరిగింది, హోదా మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ ప్రోగ్రాం రాసింది నిజానికి ఈ కంపెనీ కాదు. విదేశంలో ఎవరో రాసినదాన్ని హక్కులు తెచ్చుకుని అమ్ముకుంటోంది. ఏడాదికోసారి అక్కడి సర్వర్ నుంచి నెట్ మీద ఒక కీ రావాలి. వస్తే ప్యానెల్ ఇంకో ఏడాది నడుస్తుంది. ఆ వేసవిలో ఆ విదేశీ సంస్థను ఇంకెవరో కొన్నారు. కొన్నవాళ్లు పాత సర్వర్ దండగని ఆపేశారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొదటి దెబ్బ యలమందకు తగిలింది. సత్తెనపల్లి శివార్లలో ఆయన కోల్డ్ స్టోరేజీ నిండా రైతులు దాచుకున్న మిరపకాయ బస్తాలు, టిక్కీలు. బయట రోళ్లు పగిలే ఎండ. ఒకరోజు పొద్దున్నే ప్యానెల్ తెర ఎర్రబడి, లైసెన్స్ గడువు ముగిసిందని చూపించి, కంప్రెసర్‌ను ఆపేసింది. కోటేష్ వెళ్లి చూస్తే మోటారు బాగుంది, కరెంటు ఉంది, చల్లబరిచే అమ్మోనియా గ్యాసు ఉంది. చల్లబడటానికి అనుమతి ఒక్కటే లేదు. చేత్తో నడుపుదామంటే, కొత్త ప్యానెల్ పెట్టినప్పుడు పాత స్విచ్చులన్నీ పీకేశారు. పీకింది కోటేషే. హైదరాబాదుకు ఫోన్ చేస్తే విదేశానికి మెయిల్ పెట్టామన్నారు. మీ మెయిల్ అందింది, వరుసలో చూస్తాం అని అక్కణ్ణుంచి జవాబొచ్చింది.

“వాళ్లు వరుసలో చూసేలోపు కాయ బూజు పట్టిద్ది గదయ్యా!” అని యలమంద నెత్తి పట్టుకున్నాడు.

ఆయన పెద్దకోడలు హారిక ఇంటినుంచే ఒక బెంగుళూరు కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. ఆవిడ ఆ రోజుకి సెలవు పెట్టి, ల్యాప్‌టాప్ తెచ్చి ప్యానెల్‌కి తగిలించి కూర్చుంది. ప్యానెల్ నెట్‌లోకి ఏం ప్రశ్న పంపుతోందో, అంతకుముందు సర్వర్ ఏం జవాబిచ్చేదో వెతికి పట్టుకుంది. సాయంత్రానికి, సర్వర్ బదులు తానే జవాబు చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి పెట్టింది. కీ వచ్చిందా అని ప్యానెల్ అడిగింది. వచ్చిందని హారిక ప్రోగ్రాం చెప్పింది. కంప్రెసర్ గర్రుమని లేచింది. పక్కనే నిలబడ్డ కోటేష్ గోడకు చేరగిలబడి, “బతికించావమ్మా,” అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే పోయేది. ఇంకా ఎంతమందికి ఇదే గతి పడుతుందోనని హారిక ఏం జరిగిందో, తానేం చేసిందో, మిగతాచోట్ల ఏం చేస్తే నడుస్తాయో వివరంగా రాసి కంపెనీకి మెయిల్ పెట్టింది. అది సర్వీసు వాళ్లకంటే ముందు లీగల్ వాళ్ల కంటపడింది. వాళ్లు దాన్ని నేరం ఒప్పుకోలుగా చదువుకున్నారు. ఈ జిల్లాల్లో కంపెనీకి ఉన్న మనిషి కోటేష్ ఒక్కడే గనక ఫిర్యాదు మీద అతనితోనే సంతకం పెట్టించారు.

ఇదంతా విని జక్రయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“సరే, కేసన్నాక సొత్తు స్వాధీనం చేసుకోవాలిగా. ఆ ప్యానెల్ పీక్కురమ్మంటావా?”

“పీకితే కాయ పాడైద్ది సార్.”

“పాడైతే రైతులొచ్చి ఆ టిక్కీలన్నీ నా స్టేషన్ ముందు దించుతారు. పోనీ, ప్రోగ్రాం ఒక్కటే పట్టుకొచ్చేదా?”

“అది కనపడదు సార్.”

“ప్రింటు తియ్యి.”

“ప్రింటు తీస్తే కాపీ కొట్టినట్టు సార్. దానికి మళ్లీ కంపెనీ అనుమతి కావాలి.”

జక్రయ్య రెండు టీలు తెమ్మని కానిస్టేబుల్‌ని కేకేశాడు. అప్పటికే కేసు కట్టమని పైనుంచి ఫోన్ వచ్చి ఉంది. టీ తాగాక కేసు రాసుకున్నాడు. “గొర్రెల దొంగల్ని పట్టుకున్నా, బోరు మోటార్ల దొంగల్ని పట్టుకున్నా. చలి దొంగల్ని చూడటం ఇదేనయ్యా,” అన్నాడు.

ఇంకొకరి నోటివెంట వినేకంటే తానే చెప్పడం నయమని కోటేష్ అటునుంచటే యలమంద దగ్గరికి వెళ్లాడు.

“సంతకం నువ్వే పెట్టావా?”

“పెట్టానండి.”

“పెట్టకపోతే ఏమయ్యేది?”

“నన్ను తీసేసి ఇంకోడితో పెట్టిస్తారండి.”

“అట్టయితే పెట్టటమే మంచిదిలే. ఎండన పడొచ్చావు, మజ్జిగ తాగు.”

తిట్టినా బాగుండేది. గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. హారిక గడపలో నిలబడి, “ఆ రోజు బతికించావమ్మా అన్నది మీరే కదన్నయ్య గారూ,” అంది. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టుంది.

జూన్ వచ్చినా వాన జాడ లేదు. పొదిలిలో వెంకటరావమ్మ కోల్డ్ స్టోరేజీలో ప్యానెల్ తెర ఎర్రబడింది. మర్నాడు మార్టూరులో ఇంకొకటి. భర్త పోయాక వ్యాపారమంతా ఒంటిచేత్తో నడుపుకొస్తున్న వెంకటరావమ్మ, కోటేష్‌ను గేటు దగ్గరే ఆపింది.

“అమ్మేటప్పుడు ఏసీ కారులో నలుగురొచ్చారు. ఇప్పుడు ఒక్కడివే వచ్చి తెర తుడుస్తావేందయ్యా? తుడిస్తే చల్లబడిద్దా?”

కోటేష్ పక్కకెళ్లి హైదరాబాదుకు ఫోన్ చేశాడు. లీగల్ చూసే శ్రీజ మేడమ్ ఫోన్ తీసింది.

“ఆ సత్తెనపల్లి ఆవిడ ఏదో ప్రోగ్రాం రాసింది కదా, అది తెచ్చి అన్నిచోట్లా పెట్టేయమని పైవాళ్లు చెప్పారు కోటేష్ గారూ.”

“మేడమ్, మనం కేసు పెట్టింది దాని మీదే కదండీ?”

“కేసు లీగల్‌ది, పని సర్వీసుది. రెండూ కలపకండి.”

“పోనీ కేసు వెనక్కి తీసుకుంటే...”

“తీసుకుంటే తాళానికి విలువ లేదని మనమే ఒప్పుకున్నట్టు. ఆ విదేశం వాళ్లు మన హక్కులు రద్దు చేస్తారు.” గొంతు తగ్గించి, “నాకు మాత్రం సరదానా చెప్పండి? సాక్ష్యం కోసమని చెప్పి తెచ్చుకోండి,” అంది.

కోటేష్ సత్తెనపల్లి వచ్చాడు. యలమంద ఇంటి ముందు బండి ఆపి, దిగబుద్ధి కాక దాని మీదే కూర్చున్నాడు. సాక్ష్యం కోసమని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. హారిక బయటికొస్తే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. మెల్లగా ఆ నవ్వు ఆగిపోయింది.

“నామీద కేసు పెట్టి, నేను రాసిందే నన్నడుగుతున్నారా?”

“అవునమ్మా.”

“నేనివ్వకపోతే?”

“పొదిలిలో కాయ పోయిద్ది.”

అరుగు మీద కూర్చున్న యలమంద, “ఇచ్చెయ్యమ్మాయ్,” అన్నాడు. “కంపెనీది కాదుగా కాయ.”

హారిక లోపలికెళ్లి పెన్‌డ్రైవ్ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

పెన్‌డ్రైవ్‌లో ఉన్నది హైదరాబాదు వెళ్లింది. అక్కడివాళ్లు దానికి కంపెనీ గుర్తు అతికించి, అప్‌గ్రేడ్ అని పేరు పెట్టి తిప్పి పంపారు. లోపల ఏముందో ఎవరూ చూసినట్టు లేదు. పొదిలిలో ప్యానెల్‌కి దాన్ని ఎక్కించగానే కంప్రెసర్ లేచింది, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి.

‘కంగారు పడొద్దు మావయ్యా, చలి బాగానే ఉంది.’

యలమంద మాటిమాటికీ భయపడి ఫోన్ చేస్తుంటే, ఆయన కోసం హారిక రాసిపెట్టిన మాట అది. వెంకటరావమ్మ దగ్గరికొచ్చి కూడబలుక్కుని చదివింది.

“ఎవరయ్యా ఈ మావయ్య?”

“కంపెనీ వాళ్లు మర్యాదగా పెట్టారండి,” అన్నాడు కోటేష్. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది, కాని నవ్వే ఓపిక లేదు. హైదరాబాదుకు చెబితే, అప్‌గ్రేడ్ ఖరారైపోయింది, ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ అనుమతులు తేవాలన్నారు. మావయ్య మార్టూరుకూ వెళ్లాడు.

పత్తి తీతల నాటికి హారికకు రెండో నోటీసు వచ్చింది. ఆవిడ దగ్గరున్న ప్రోగ్రాం కంపెనీ కొత్త అప్‌గ్రేడ్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందట. కాబట్టి దాన్ని కూడా దొంగిలించిందట. యలమంద ఆ కాగితం ఫోన్లో ఫోటో తీసి పంపితే కోటేష్ నడిరోడ్డు మీద బండి ఆపి చదివాడు. సాక్షుల వరసలో మొదటి పేరు తనదే. శ్రీజ మేడమ్‌కి ఫోన్ చేశాడు. ఆవిడ ఉద్యోగం మానేసిందని ఎవరో కొత్త గొంతు చెప్పింది.

గుంటూరు కోర్టులో కోటేష్ బోనెక్కేసరికి రెండు మిరప పంటలు వచ్చిపోయాయి. రాత్రంతా నిద్ర లేదు. ఏం చెప్పాలో కంపెనీ వకీలు ముందురోజే నూరిపోశాడు. రెండు ప్రోగ్రాములూ ఒకటే అని చెబితే చాలు, మిగతాది నేను చూసుకుంటానన్నాడు.

“రెండూ ఒకటేనా?” అని అడిగాడు ఆ వకీలు.

“ఒకటేనండి.”

వకీలు తృప్తిగా కూర్చున్నాడు. హారిక తరఫు వకీలు రామమూర్తి పెద్దాయన. లేవడానికే కొంచెంసేపు పట్టింది.

“ఏం బాబూ, కంపెనీ ప్రోగ్రాంలో ‘మావయ్యా’ అని ఉంది. కంపెనీకి మావయ్య ఎవరు?”

కోర్టు హాల్లో నవ్వులు లేచాయి. కోటేష్ కంపెనీ వకీలు వంక చూడలేదు. చివరి వరసలో నిలబడ్డ యలమంద వంక చూశాడు. ఇంక ఈ బరువు మొయ్యడం తనవల్ల కాదనిపించింది.

“ఆయనేనండి. రాసింది ఆయన కోడలు. ఆవిడ రాసినప్పుడు నేను పక్కనే ఉన్నా. కంపెనీ అడగమంటే నేనే వెళ్లి అడిగి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పంపా. కంపెనీది వెనకాల వచ్చింది. ఆవిడది ముందు.”

అంతా అయిపోయిందనుకున్నాడు. కాలేదు. సాక్షి మాట ఒక్కటే చాలదు, నిపుణుడు చూసి చెప్పాలన్నారు మేజిస్ట్రేట్. ఆ తర్వాతి వాయిదాకు ఒక కాలేజీ ప్రొఫెసర్ వచ్చాడు. రెండు ప్రోగ్రాములూ పోల్చాలంటే కంపెనీ తాళం తీసి చూడాలి, తీస్తే ఈ కేసులో చెప్పిన నేరమే తానూ చేసినట్టవుతుందేమో, రాతపూర్వకంగా అనుమతి కావాలన్నాడు. అనుమతివ్వడం మా చేతుల్లో లేదు, విదేశంలో అడగాలన్నాడు కంపెనీ వకీలు. కొన్న ప్రోగ్రాంని పనిచేయించుకోవడానికి విప్పి చూసుకోవచ్చని ఇదే చట్టంలో ఇంకోచోట ఉంది కదా అని రామమూర్తి ఆ పేజీ తీసి చదివాడు. మేజిస్ట్రేట్ రెండు పేజీలూ చూసి, నుదురు రుద్దుకుని, కేసు వాయిదా వేశారు.

కోటేష్ ఉద్యోగం మాత్రం వాయిదా పడలేదు. బోను దిగిన సాయంత్రమే ఫోన్లో కంపెనీ లాగిన్ మూతపడింది. ఆ తర్వాత తీసేశామని కాగితం వచ్చింది. పొదిలి, మార్టూరు వాళ్లు ఇప్పటికీ అతన్నే పిలుస్తారు. కంపెనీ మనిషిని కానని చెబితే, “నిన్ను పిలిచాంగాని కంపెనీని పిలిచామా?” అంటుంది వెంకటరావమ్మ. వెళ్లి మోటారు చూస్తాడు, వైర్లు చూస్తాడు. తెర మాత్రం ముట్టుకోడు.

కేసు ఇంకా నడుస్తోంది. మళ్లీ అడగాల్సి రావచ్చని ప్రతి వాయిదాకూ సాక్షి కూడా హాజరు కావాలన్నారు. బండి మీద గుంటూరు దాకా నడుం పట్టేస్తోందని తెలిసి, “మేం ఎట్టాగూ పోతున్నాంగా, కార్లో రా,” అన్నాడు యలమంద. ముద్దాయి, ముద్దాయి మామ, కంపెనీ తరఫు మొదటి సాక్షి ఒకే కారులో వెళ్లడం బాగుండదేమోనని కోటేష్ నసిగాడు. “బాగుండేదేదీ జరగట్లేదుగా అన్నయ్య గారూ, ఎక్కండి,” అంది హారిక.

మొన్నటి వాయిదాకూ అలాగే వెళ్లారు. మేజిస్ట్రేట్ సెలవట. కొత్త తేదీ రాసుకుని హోటల్లో ఇడ్లీ తిని వెనక్కి బయల్దేరారు. పేరేచర్ల దాటకముందే కోటేష్ తల అద్దానికి ఆనించి నిద్రపోయాడు. యలమంద ఏదో అడగబోతే హారిక వద్దని చేత్తో సైగ చేసి, కారు కాస్త మెల్లగా పోనిచ్చింది.