తడి అంచున తెల్లపొర

ఆ చేనుకి నలభై ఏళ్లు నీళ్లు కట్టింది పెద్దాయనే. పార భుజాన వేసుకుని వెళ్లి, మడవ తీసి, ఒక్కో బోదెలోకి నీళ్లు మళ్లించి, అవి చివరి మొక్క దాకా పాకే వరకూ గట్టు మీద కూర్చునేవాడు. నీళ్లు నడిచే చప్పుడు విని ఏ బోదె నిండిందో చెప్పేస్తాడని ఆయనకు పేరు. అలాంటి మనిషికి, నిరుడు కోడలు తెచ్చి సాళ్ల వెంట పరిచిన నల్లపైపులు చూస్తే ఒళ్లు మండింది.

"చుక్కా చుక్కా వేస్తుందా? అది చేనా, ఆసుపత్రిలో మంచమా?" అన్నాడు.

కోడలు నవ్వి ఊరుకుంది. ఆమెది మాటల కన్నా చేతలు ఎక్కువున్న స్వభావం. కొడుకు దూరపు బస్సు నడుపుతాడు, వారంలో రెండు రోజులే ఇంటిపట్టున ఉంటాడు. రెండెకరాల చేనూ కోడలి చేతి మీదే నడుస్తోంది. బావిలో నీళ్లు ఏటికేడు ఎన్ని మెట్లు దిగిపోతున్నాయో చూసుకున్నది ఆమె ఒక్కతే. కాలవలు నింపి నీళ్లు కడితే ఇంకో నాలుగేళ్లలో బావి అడుగు కనిపిస్తుందని తేల్చుకుని, డ్రిప్ పెట్టించింది.

మొదటి పంట బాగానే వచ్చింది. పెద్దాయన "ఏదో కలిసొచ్చింది" అన్నాడు తప్ప మెచ్చుకోలేదు. రెండో పంటకి టమాటా నాటారు. నలభై రోజులు దాటగానే మొక్కల కింది ఆకులు పసుపెక్కడం మొదలుపెట్టాయి. రెండు వారాల్లో ఆ పసుపు నడిమి ఆకుల దాకా ఎక్కింది. అది చాలనట్టు, పైపుకి జానెడు దూరంలో, తడి ఆగిపోయే చోట, నేల మీద తెల్లటి పొర తేలింది. ఒక్క చోట కాదు. ప్రతి సాలు వెంటా, సున్నంతో గీత గీసినట్టు.

పక్క చేనాయన గట్టు మీద నిలబడి ఆ గీతలు చూశాడు. ఏ సంగతైనా ఆయన చెవిన పడితే సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది కాబట్టి ఆయన్ని చాటింపు అంటారు. "ఉప్పు తేలిందన్నమాట. ఇక ఈ నేల చచ్చినట్టే," అన్నాడు, తీరిగ్గా.

ఆ పూట పెద్దాయనకి ముద్ద దిగలేదు. దిగకపోవడానికి ఆయన ఒక్కడికే తెలిసిన కారణం ఉంది.

కోడలు ఎరువుని తొట్టిలో కరిగించి పైపుల గుండానే మొక్కలకి పంపుతుంది. అంత పల్చటి నీళ్లు మొక్కకి ఎక్కడ ఆనుతాయని పెద్దాయన బెంగ. పసిపిల్లకి మజ్జిగతేట పోసి కడుపు నిండిందనుకున్నట్టే అనిపించేది. అందుకని కోడలు మార్కెట్‌కి వెళ్లిన రోజులు చూసుకుని, కొట్టుగదిలో ఉన్న పాత బస్తాలోంచి ఎరువు గుళికలు గమేళాలో పోసుకుని, సాళ్ల మధ్య చల్లి వచ్చేవాడు. తన పద్ధతిలో, నలభై ఏళ్లుగా చల్లినట్టే, చెయ్యి నిండా తీసి, విసిరి. మొత్తం మూడుసార్లు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. ఇప్పుడు ఆ తెల్లపొర చూశాక, చేనుని చంపింది తన చెయ్యేనని గుండెలో రాయి పడింది.

భార్యకి అనుమానం రాకపోలేదు. చొక్కా ఉతుకుతుంటే జేబులోంచి నాలుగు గుళికలు రాలాయి. ఆవిడ వాటిని అరచేతిలో పెట్టి చూపించి, "ఇవేం మాత్రలండీ, బీపీకా?" అంది.

"నోరు మూసుకో," అన్నాడు. గొంతులో మాత్రం పస లేదు.

మర్నాడు పొద్దున్నే కోడలు వచ్చి ఎదురుగా నిలబడింది. కళ్ల కింద నల్లటి చారలు. "మామయ్యా, తప్పు నాదే. అందరూ వద్దంటున్నా వినకుండా పెట్టించాను. ఈ వారంలో పైపులు పీకేస్తాను. మళ్లీ మీరే నీళ్లు కట్టండి."

ఏడాదిగా ఆయన వినాలనుకున్న మాట అది. తీరా విన్నాక సంతోషం కలగలేదు. తన తప్పు ఆమె నెత్తిన పడుతోంది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. ధైర్యం చాలలేదు.

"పీకడానికెంతసేపు తల్లీ," అన్నాడు చివరికి. "ముందు మట్టి చూపిద్దాం. ఆ తర్వాత ఆలోచిద్దాం."

మట్టి పరీక్షలు చేసే ఆవిడ రెండు రోజుల తర్వాత మోటారు సైకిలు మీద వచ్చింది. నలభై దాటిన మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో మట్టి తీసే పొడుగాటి ఇనప గొట్టం. చేనంతా ఒకసారి కలియదిరిగి, మట్టిని ఒక్క చోట నుంచి తీయలేదు. చుక్క పడే చోట పైమట్టి, అక్కడే రెండడుగుల లోతు మట్టి, తెల్లపొర దగ్గర మట్టి, సాళ్ల మధ్య పొడిగా ఉన్న మట్టి, అలా నాలుగు రకాలు వేరువేరు సంచుల్లో కట్టుకుంది. పెద్దాయన వెనకే తిరుగుతూ సంచుల నోళ్లు పట్టుకున్నాడు.

"నేల పోయినట్టేనా అమ్మా?" అని అడిగాడు.

"అడగాల్సింది నన్ను కాదు బాబాయిగారూ, మట్టిని. అది నాలుగు రోజుల్లో చెబుతుంది."

ఆ నాలుగు రోజులూ ఆయన చేనువైపు వెళ్లలేదు. అయిదో రోజు మామా కోడళ్లు కలిసి పరీక్షల గదికి వెళ్లారు. చిన్న గది. గోడ పొడుగునా బల్ల, దాని మీద ఆరబెట్టిన మట్టి పళ్లేలు, ఒక్కోదాని మీద అంటించిన చీటీ. గదంతా తొలకరి వాసన. ఆవిడ కాగితం ముందు పెట్టుకుని, ముందు వాళ్లిద్దరి మొహాలూ చూసింది. ఎందుకో నవ్వొచ్చింది ఆవిడకి.

"సాళ్ల మధ్య ఎరువు ఎవరు చల్లారు?"

కోడలు ఆశ్చర్యంగా చూసింది. "ఎవరూ చల్లలేదండీ. మేం పైపుల్లోనే..."

"నేనే," అన్నాడు పెద్దాయన. తల ఎత్తలేదు. "మూడుసార్లు చల్లాను. అమ్మాయికి తెలీదు. చేనుని తగలేసింది నేనే, ఆ పిల్లనేమీ అనకండి."

ఆవిడ కాగితం ఆయన వైపు జరిపింది.

"ఎవరూ ఏమీ తగలెయ్యలేదు. కాలవ నీళ్లు నేలంతా తడిపేవి కాబట్టి, అప్పట్లో మీరు ఎక్కడ చల్లినా కరిగి వేళ్లకి అందేది. డ్రిప్‌లో తడి జానెడు మేరే. మీరు చల్లింది ఆ తడి బయట పడింది. కరగడానికి నీళ్లే లేవు, చాలా మటుకు అక్కడే ఉంది."

"మరి ఆ ఉప్పు?"

"తడి అంచున నీరు ఆరిపోతుంటే అందులో ఉన్న ఉప్పులు పైకి తేలతాయి. మీరు చల్లింది కొంత కలిసింది. చూపుకి భయం వేస్తుంది కానీ చుక్క పడే చోట, వేళ్లున్న చోట, ఉప్పు మామూలుగానే ఉంది. నేల దివ్యంగా ఉంది." అప్పుడు కోడలి వైపు తిరిగింది. "ఇక నీ సంగతి. పైపులో ఎరువు వదిలాక మోటారు ఎంతసేపు ఆడిస్తావమ్మా?"

"రెండు గంటలు. మొక్కకి చాలదేమోనని."

"అందుకే నీ నత్రజని అంతా రెండడుగుల కిందకి దిగిపోయింది. అక్కడ దండిగా ఉంది, పైన వేళ్ల దగ్గర లేదు. ఎరువు ఆఖర్న వదిలి, పైపులు కడుక్కునేంతసేపే నీళ్లు వదులు. చాలు." ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఒకరు వంట తీసుకెళ్లి పక్కింట్లో పెట్టారు, ఒకరు నేలమాళిగలో పెట్టారు. మొక్క పస్తులుంటోంది. అంతకు మించి ఏ రోగమూ లేదు."

కోడలు ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు.

వాళ్లు లేవబోతుంటే ఆవిడ ఇంకో మాట చెప్పింది. "చిన్న జల్లు పడితే మాత్రం మోటారు ఆపకండి, ఆగి ఉంటే వెయ్యండి. ఆ జల్లు అంచున ఉన్న ఉప్పుని వేళ్ల మీదకి తోస్తుంది. లోపల్నుంచి మీ నీళ్లు దాన్ని బయటికి నెడుతూ ఉండాలి. పెద్ద వాన పడితే బెంగ లేదు, అన్నీ కడుక్కుపోతాయి."

బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాక కోడలు అంది, "నాకు చెప్పి చల్లి ఉండొచ్చుగా మామయ్యా."

"చెబితే వద్దంటావని."

"అనేదాన్నే."

"అందుకే చెప్పలేదు." కాస్సేపాగి, "మరి రెండేసి గంటలు మోటారు ఎందుకు ఆడించావు?" అన్నాడు.

"ఆ చుక్కలు చూస్తే నాకూ భయమే మామయ్యా. మీకు చెప్పలేదంతే."

పెద్దాయన ఆమె వైపు చూసి, మీసాల చాటున నవ్వుకున్నాడు.

వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలాయి. అందరూ వసారాల్లోకి పరిగెడుతుంటే పెద్దాయన గొడుగు వేసుకుని బావి దగ్గరికి పరిగెత్తి మోటారు వేశాడు. చాటింపు తన పాక కింద నిలబడి అది చూశాడు.

"ఏం బావా, వానలో నీళ్లు కడుతున్నావు? మతి పోయిందా?"

"పోలా. తిరిగొచ్చింది," అన్నాడు పెద్దాయన, గొడుగు సరిచేసుకుంటూ.

సాయంత్రానికి ఆ కబురు అందరికీ చేరింది. వారం పాటు జనం నవ్వుకున్నారు. ఈలోగా మొక్కల చివర్లు చిగుర్లు తొడిగాయి, చిక్కటి ఆకుపచ్చ. కిందవి పసుపెక్కినవి పోయినట్టే, అవి తిరిగి రావు. కోడలు వాటిని గిల్లి పడేసింది. మూడో వారానికి పూత వచ్చింది. కాపు కాస్త ఆలస్యం అవుతుందిగానీ పంటకి ఢోకా లేదు.

ఇప్పుడు పెద్దాయనకి కొత్త పని పడింది. మోటారు ఆపిన గంటకి చిన్న తవ్వుగోల తీసుకుని పైపు పక్కన నాలుగు చోట్ల తవ్వి, మట్టి పిసికి, తడి ఎంత లోతుకి దిగిందో చూసి కోడలికి చెబుతాడు. ఇవాళ జానెడు, ఇవాళ మూరెడు, ఇంకో పావుగంట తగ్గించు, అంటాడు. ఆమె తగ్గిస్తుంది. ఈ విద్య ఆ చేతులకి పాతదే.

ఒక రోజు అలా తవ్వి చూశాక గట్టు మీద తలకింద చెయ్యి పెట్టుకుని పడుకున్నాడు. చాలా రోజుల తర్వాత పట్టిన నిద్ర. భోజనానికి పిలవడానికి వచ్చిన భార్య, ఆయన గురక విని, ఎండ మొహం మీద పడకుండా గొడుగు తెరిచి పక్కన పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది.