ఇన్షిరాహ్ పెంచిన కొండచిలువ

పక్క వాటాలో ఉండే ఫిక్రీ మాస్టారు పోయాక ఆయన సామానంతా బంధువులు పంచుకున్నారు. ఆయన పెంచుకున్న చిన్న కొండచిలువను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని పెట్టెతో సహా ఇన్షిరాహ్ తన ఇంటికి తెచ్చుకుంది. ఆమె అలెగ్జాండ్రియా ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా నర్సు. చివరి నెలల్లో ఆయనకు సేవ చేసింది కూడా ఆమే.

మూడు వారాలైనా పాము ఏమీ తినలేదు.

రోజూ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, దాని మేతకని కొని ఫ్రీజర్లో పెట్టిన చచ్చిన ఎలుకను సంచీతో సహా వేడినీళ్లలో పెట్టేది. వెచ్చబడ్డాక పటకారుతో పట్టి పాము ముక్కు ముందు ఆడించేది. పాము తల తిప్పుకునేది. బెంగ పెట్టుకుందేమోనని ఒళ్లోకి తీసుకుని నిమిరితే, బంతిలా చుట్టుకుని తల దాచుకునేది.

"మొగుణ్ణి కూడా నువ్వింత గారాబం చెయ్యలేదు," అంది చెల్లెలు రావియా, గుమ్మం దాటకుండానే. "నీ మొహం చూసుకున్నావా అక్కా, పీక్కుపోయింది."

మర్నాడు ఇన్షిరాహ్ పెంపుడు జంతువుల కొట్టు నడిపే హాజీని అడిగింది.

"రోజూ చేతుల్లోకి తీసుకుంటున్నావా తల్లీ?"

"పాపం, ఒంటరిది కదా."

"ఒంటరితనం కాదు, భయం. నక్కడానికి చోటివ్వు. పెట్టె మీద గుడ్డ కప్పు. వారం పాటు నీళ్లు మార్చు, అంతే. దాని జోలికి పోకు."

"ఊరికే కూర్చోవాలా?"

"నర్సమ్మలకు అదే చేతకాదు."

ట్రాములో తిరిగొస్తుంటే మాస్టారు గుర్తొచ్చారు. చివరి రోజుల్లో ఆయన గోడవైపు తిరిగి పడుకుంటే, ఇంకొక్క చెంచా అంటూ తను బలవంతంగా నోట్లో పోసేది. వద్దన్న మాట ఆయన ఎన్నిసార్లన్నారో లెక్కలేదు. దిగాల్సిన చోటు దాటిపోయాక గానీ ఇన్షిరాహ్ లేవలేదు.

అంచు విరిగిన మట్టికుండను పెట్టెలో బోర్లించి, పైన శాలువా కప్పింది. ఆ వారం చేతులు ఊరుకోలేదు. పెట్టె దాకా వెళ్లి, ఆగి, వెనక్కొచ్చి పడుకునేది.

ఎనిమిదో రోజు సాయంత్రం వెచ్చటి ఎలుకను కుండ అంచు దగ్గర పట్టుకుంది. చాలాసేపటికి తల బయటికొచ్చింది. నాలుక ఆడింది. మరుక్షణం ఎలుక దాని చుట్టల్లో ఉంది. ఆ లాగుడుకు పటకారు ఆమె చేతిలోంచి జారిపోయింది.

మింగడం పూర్తయ్యేదాకా నేల మీదే కూర్చుని చూసింది. ఉబ్బిన ఆ ఒంటిని ఒక్కసారి నిమరాలనిపించింది. తిన్నాక రెండు రోజులు తాకకూడదని హాజీ ఫోనులో చెప్పింది గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

రావియా ఫోను చేసింది. "తిందా?"

"తింది."

"మరి ఏడుస్తున్నావెందుకక్కా?"

"తెలీదు. అలిసిపోయానే," అంది ఇన్షిరాహ్. ఫోను పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.