పని లేని నడక

కాలి ఆపరేషనయి ఇంటికొచ్చి వజ్రమ్మ మళ్ళీ స్టవ్వు ముందు నిలబడింది. బొంబాయి కామాటిపురలో, సానికొంపల నడుమ, వాళ్ళ ఒంటిగదే పాలమూరు కూలీలకు భోజనం పెట్టే ఖానావళి. వంట ఆమెది, పైసల పెట్టె మొగుడు గంగారాంది. జొన్నరొట్టెలు కాలుస్తూ నిలబడి నిలబడి ఆమె ఎడమకాలి నరాలు వానపాముల్లా ఉబ్బాయి. చీలమండ పైన పుండు పడింది. సర్కారు దవాఖానలో కోసి, ఉబ్బిన నరాన్ని లాగేశారు.

నరమే తీసేస్తే నెత్తురు ఎట్లా పోతుందని వజ్రమ్మ భయపడింది. డాక్టరమ్మ మరాఠీలో విడమరిచి చెప్పింది. అది చెడిన దారి. పైకెక్కాల్సిన నెత్తురు అందులో కిందికి జారి నిలిచిపోయేది. ఇక కండ లోపలి నరాల్లోంచి పోతుంది. నడిస్తే పిక్క పిండినట్టయి దాన్ని పైకి తోస్తుంది. గంటలకొద్దీ నిలబడితే మళ్ళీ పుండే.

తన గురించి ఒక మనిషి అంతసేపు మాట్లాడడం వజ్రమ్మ ఎరగదు.

రోజూ సాయంత్రం నడవాలట అని చెబితే గంగారాం పళ్ళెం నెట్టేశాడు.

"ఈ గల్లీలల్ల పొద్దుగూకినంక పనిలేక తిరిగే ఆడోళ్ళు ఎవ్వరో తెల్వదా నీకు? నా ఇజ్జత్ తీస్తవా?"

"అయితే నువ్వు తోడు రారాదూ?"

"పెండ్లాం ఎనుక తిరగనీకె నాకేం పని లేదా?"

నిలబడి వండితే ఇజ్జత్ పోదు. పుండు చీము కారినా పోదు. నడిస్తే పోతుంది. ఈ లెక్క కట్టినవాడెవడో గాని, వాడు ఒక్కపూటా స్టవ్వు ముందు నిలబడలేదు.

పక్కగది రత్నాబాయిని తోడు రమ్మని అడిగింది. "నాకూ రావాలనే ఉంటది వదినా. మా ఆయన సంపుతడు," అని ఆమె తలుపు దగ్గరకు వేసుకుంది. పెళ్ళై వచ్చిన నాటినుంచీ గదినిండా మనుషులే. పక్కన నడిచేందుకు ఒక్కరు లేరు.

ఆ సాయంత్రం కాలి పట్టీ విప్పి చూసుకుంది. మానిన పుండు చుట్టూ చర్మం మళ్ళీ నల్లబడుతోంది. పట్టీ బిగించి కట్టుకుని, పిండి కలపకుండానే మెట్లు దిగింది.

"యాడికే?" పైనుంచి గంగారాం అరిచాడు. "కూలోళ్ళు వచ్చే యాళ్ళాయె. రొట్టెలెవలు జేస్తరు?"

ఇజ్జత్ మాట మరిచిపోయాడు. వజ్రమ్మ తలెత్తి చూసింది.

"పిండి డబ్బాల ఉంది. చేతులు నీకూ ఉన్నయి."

గల్లీ అంతా ఆమెనే చూసింది. గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా ఒక్కతే నడిచింది. రేపూ ఎవరూ వెంట రారు. రేపూ నడుస్తుంది.