ఉతకని ఉన్ని ప్యాడ్

ఉన్ని ప్యాడ్‌ను మరిగే నీళ్ళలో ఉతికేవాడికి కార్ల పాలిష్ మిషన్ ముట్టుకునే అర్హతే లేదని పెద్ద మేస్త్రీ అనేవాడు. గోరువెచ్చని నీళ్ళు కావాలి, నాలుగు చుక్కల షాంపూ కావాలి, అన్నిటికీ మించి ఓపిక కావాలి. పేస్టు వదిలేదాకా వేళ్ళతో పిసికి, మిషన్‌కు తగిలించి నిమ్మళంగా తిప్పితే నీళ్ళు చిమ్ముకుపోతాయి. అప్పుడు దువ్వి, తీగకు వేలాడదీయాలి. గట్టు మీద మాత్రం ఆరబెట్టకూడదు. "ఉన్ని దేన్నైనా పట్టుకుంటుందిరా. పట్టుకుందంటే వదలదు," అని తమ్ముడికి రోజుకోసారైనా చెప్పేవాడు. తమ్ముడు తలూపేవాడు. తలూపడానికేం, గంగిరెద్దూ ఊపుతుంది.

ఆ తమ్ముడే ఇప్పుడు కార్ల షెడ్డులో చిన్న మేస్త్రీ. అన్న పోయి నెలన్నర అయింది. పోయాడన్న బాధ ఒక ఎత్తు, తనను క్షమించాడో లేదో చెప్పకుండా పోయాడన్న బాధ ఒక ఎత్తు.

నాలుగేళ్ళ కిందట ఓ నల్లకారు బానెట్ మీద అన్న మిషన్ కింద గీతలు పడ్డాయి. గోళ్ళతో రక్కినట్టు, చుట్లు చుట్లుగా. షెడ్డు యజమాని వచ్చి, "ఎవరి నిర్వాకం ఇది?" అన్నాడు. అన్న మిషన్ ఆపాడు. ప్యాడ్ ఊడదీసి, ఉన్నిని వేలితో ఒకసారి తడిమి చూశాడు. "నా కళ్ళు సరిగా ఆనట్లేదు సార్," అన్నాడు. గొడవ అంతటితో పోయేదే. తమ్ముడు నోరు మూసుకున్నాడా? పనివాళ్ళందరి ముందూ, "చూపు లేనప్పుడు మిషన్ ఎందుకు పట్టుకుంటావన్నా, నీతోపాటు నా పరువూ తీయడానికా?" అన్నాడు.

అన్న ఆ ప్యాడ్ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ షెడ్డు గడప తొక్కలేదు. కార్లను అద్దంలా మెరిపించిన ఆ చేతులు చివరిదాకా పార్కింగ్ దగ్గర చీటీలు చింపాయి.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? తమ్ముడు ఇంటికి వెళ్ళినప్పుడల్లా అన్న టీ పెట్టించేవాడు, పిల్లాడి సంగతులు అడిగేవాడు. పాలిష్ ఊసు ఎత్తబోతే మాత్రం కళ్ళజోడు సర్దుకుని వేరే మాటలోకి వెళ్ళిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం వదిన ఓ రేకుడబ్బా పట్టుకుని షెడ్డుకు వచ్చింది. మూత తీస్తే లోపల ఆ ప్యాడే, పక్కన అన్న కళ్ళజోడు. ఆనాటి పేస్టు ఎండి ఉన్ని అట్టకట్టుకుపోయింది.

"ఇదేంటి వదినా, ఉతకలేదా? ఒక్కపూట ఉతక్కుండా వదిలేస్తే నన్ను చెడామడా తిట్టేవాడు."

"నేను ఉతుకుతానంటే కసురుకునేవారు నాయనా. ఆయన మొదట కొనుక్కున్న ప్యాడట, పారెయ్యనూ లేదు." వదిన డబ్బా అతని చేతిలో పెట్టింది. "ఎవరికిచ్చినా నీ చేతికి మాత్రం ఇవ్వొద్దన్నారు. నీ మీద కోపం అలాగే ఉండిపోయిందనుకున్నా. మనిషే పోయాక కోపం ఎందుకని తెచ్చేశాను."

అంటే అన్న క్షమించలేదన్నమాట. చిన్న మేస్త్రీ బకెట్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని కుళాయి దగ్గర కూర్చున్నాడు. పక్కనే స్టూలు వేసుకుని వదిన కూర్చుంది.

పేస్టు పాలలా విరిగి నీళ్ళలోకి దిగింది. ఉన్ని మెత్తబడింది. మొదళ్ళ దాకా వేళ్ళు పోనిచ్చి పిసుకుతుంటే ఏదో చురుక్కున గుచ్చుకుంది. గోటితో గిల్లి తీశాడు. ఆవగింజలో సగం ఉంటుందేమో, రాతి పలుకు. ఆకుపచ్చ రంగు.

తల తిప్పి చూశాడు. కుళాయి పక్కన ఆకుపచ్చ మొజాయిక్ గట్టు, పెచ్చులూడిన దాని అంచు. షెడ్డు మొత్తంలో ఆ గట్టు మీద ప్యాడ్లు బోర్లించే బద్ధకస్తుడు ఒక్కడే ఉండేవాడు. తీగ అందాలంటే స్టూలు ఎక్కాలి మరి. నల్లకారు రావడానికి ముందురోజు అన్న ప్యాడ్ ఉతికింది తను. ఇంట్లో నెల తిరగని పసివాడున్నాడని హడావిడిగా గట్టు మీద బోర్లించి పరిగెత్తింది తను. ఇంకొక్క తప్పు జరిగితే పనిలోంచి తీసేస్తానని యజమాని అంతకు వారం ముందే చెప్పింది కూడా తనకే.

అన్న ఆ రోజు వేలితో తడిమినప్పుడే పలుకు తగిలి ఉంటుంది.

"వదినా," అన్నాడు. తడి అరచెయ్యి ఆమె ముందు పెట్టాడు. "ఆ గీతలు అన్న వల్ల పడలేదు. నా వల్ల. ఇది ఆ గట్టుది. అన్నకి తెలుసు. తెలిసే తన మీద వేసుకున్నాడు. నా చేతికి ఇవ్వొద్దన్నది కోపంతో కాదు వదినా, నాకు తెలియకూడదని."

వదిన ఒప్పుకోలేదు. "లేదు, ఆయనకి చూపు తగ్గింది. డాక్టర్ రాసిచ్చాడని ఆ వారమే కళ్ళజోడు తెచ్చుకున్నారు. నిద్రలో తప్ప తీసేవారు కాదు."

చిన్న మేస్త్రీ డబ్బాలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. కుళాయి ఎంతుందో అంతే ఉంది. గట్టు పెచ్చులు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఎదురుగా వదిన మొహం ఏమీ మారలేదు. మామూలు గాజు. చూపు సరిగ్గా ఉన్న మనిషి నాలుగేళ్ళు దాన్ని ముక్కు మీద మోశాడు.

అతను ఏడుస్తూ కళ్ళజోడు తీసి వదిన చేతికిచ్చాడు. ఆమె కూడా ఒకసారి పెట్టుకుని చూసి, తీసేసింది.

"గుడ్డివాణ్ణి కట్టుకున్నానని ఒకరోజు మొహం మీదే అన్నాను," అంది. "నవ్వి ఊరుకున్నారు."

చిన్న మేస్త్రీ ప్యాడ్‌లో మిగిలిన పేస్టంతా పోయేదాకా పిసికి, మిషన్‌కు తగిలించి నీళ్ళు చిమ్మించి, దువ్వి, స్టూలు ఎక్కి తీగకు వేలాడదీశాడు. దిగి చూస్తే వదిన కొంగుతో ఆ అద్దాలు తుడుస్తోంది. ఒకటి తుడిచి, రెండోది తుడిచి, మళ్ళీ మొదటిది.

"రోజూ పొద్దున్నే నేనే తుడిచి ఇచ్చేదాన్ని," అంది.