తాయీ చెంప మీద నా వేళ్లు

పొద్దున లేస్తే నమ్రత తాయీ, పడుకోబోతే నమ్రత తాయీ. కొన్ని నెలలుగా మా అమ్మాయి నోట ఇదే జపం. తాయీ అంటే మరాఠీలో అక్క. నా కడుపున పుట్టింది ప్రాజక్త ఒక్కతే. దానికి ఈ అక్క ఎక్కణ్నుంచి ఊడిపడింది?

బొమ్మలు వేయడం మా ప్రాజక్త ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మేముండే నీలం నగర్‌లో దుకాణాల షట్టర్లు, బడి గోడలు, గణపతి మండపాల తెరలు అన్నీ దాని చేతివే. అది నిచ్చెన ఎక్కితే కింద పట్టుకుని నిలబడేది నేను. జారి పడుతుందేమో, కరెంటు తీగ తగులుతుందేమో అని నా ప్రాణం విలవిలలాడేది. అయినా "అమ్మా, నీలం డబ్బా!" అని పైనుంచి అరిస్తే, అందించడానికి నేనున్నాననే ధీమా నాకుండేది. ఒక రోజు చిత్రకారిణి నమ్రత మా సందులోని గోడ మీది బొమ్మ చూసి, ప్రాజక్తను తన స్టూడియోకి రమ్మంది. అక్కడ నిచ్చెన లేదు. నాతో పని లేదు.

వచ్చే నెల పుణెలో ప్రదర్శన ఉందట. దానికి ప్రాజక్త ఒక ముఖం వేస్తోందని తెలిసింది. ఎవరి ముఖమో చెప్పలేదు. నాదే అనుకున్నాను. ఇంకెవరిది వేస్తుంది?

ఆగలేక, జొన్నరొట్టెల డబ్బా సాకు పెట్టుకుని స్టూడియోకి బస్సెక్కాను. వెళ్లేసరికి ఇద్దరూ సందు చివర టీ తాగడానికి పోయారు. తలుపు తీసే ఉంది. బొమ్మ స్టాండు మీద ఉంది.

నమ్రత ముఖం.

ఎంత బాగా వేసిందో! కళ్ల కింద ముడతలు కూడా ముద్దొచ్చేలా ఉన్నాయి. నా ఒళ్లు భగ్గుమంది. మా ఇళ్లలో మగ్గం మీంచి చద్దరు దిగితే ముందు తిరగేసి చూస్తాం. పని గట్టిదో కాదో వెనక వైపే చెబుతుంది. ఆ అలవాటు కొద్దీ రెండు చేతులతో బొమ్మను పట్టి తిప్పాను. ఎండలో గోడ మీద వేసిన రంగు ప్రాజక్త నిచ్చెన దిగేలోపే ఆరిపోయేది. ఈ నూనె రంగు రోజుల తరబడి ఆరదని నాకేం తెలుసు? నమ్రత చెంప మీద నా నాలుగు వేళ్లు గడ్డం దాకా జారాయి.

"అమ్మా! ఏం జేసినవే?" గుమ్మంలో ప్రాజక్త.

"ఎన్కకు తిప్పి చూసిన బిడ్డా. పచ్చిగున్నదని తెల్వదు."

"తెల్వదా? కావాలనే జేసినవ్. తాయీ అంటే నీకు మొదటిసంది పడది."

నమ్రత మాత్రం దగ్గరికొచ్చి చూసి, "పెళ్లిలో పసుపు పూసినట్టుంది కాకూ, ఇలాగే ఉంచుదాం," అని మరాఠీలో చెప్పి నవ్వింది. కాకూ అంటే పిన్ని. తిట్టినా బాగుండేది.

చెయ్యి జారిందన్నది నిజం. ఆ చెంప చెరిగినప్పుడు నా కడుపు చల్లబడిందన్నదీ నిజమే.

ప్రాజక్త గుడ్డతో బొమ్మలోని ముఖమంతా తుడిచేసింది. "ఇది మళ్ల రాదు. పుణె సంగతి ఇగ మర్చిపోవుడే," అని నేల మీద కూలబడింది. నన్ను చూడనైనా చూడలేదు. ఇక ఇంటికి రాదేమో, నాతో మాట్లాడదేమో అని భయం పట్టుకుంది.

"నా ముఖం ఎందుకు ఎయ్యలే?" అనేశాను.

"నువ్వు ఒక్కతాన కూసుంటవా? గ్యాస్ బంద్ జేసిన్నా, తాళమేసిన్నా అని నడుమల లేశి ఉరుకుతవు. రెండుసార్లు అడిగిన. బీడీలు జెయ్యాలె, టైమ్ లేదన్నవ్."

అడిగింది నిజమే. ఉత్త మాటకు అడిగిందనుకున్నాను.

నమ్రత మూలనున్న కొత్త కాన్వాసు తెచ్చి స్టాండు మీద పెట్టింది. ఆమె ఇచ్చిందని మళ్లీ మండింది. కానీ వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను.

"ఆమె ఎంతసేపు కూసున్నది?"

"పగటి బువ్వ యాళ్ల దాంక," అంది ప్రాజక్త.

"నేను పొద్దుగూకెదాంక కూసుంట. గియ్యి."

ప్రాజక్త నేల మీంచి లేచింది. నా వైపు చూసి, బొగ్గుపుల్ల అందుకుంది. నమ్రత కుర్చీ లాక్కుని ప్రాజక్త పక్కనే కూర్చుంది. ఆమెకక్కడ ఏం పని? లేచి పొమ్మందామనుకున్నాను గానీ, నోరు కదపొద్దని ప్రాజక్త అప్పటికే చెప్పింది.