ఆదివారం ప్లేడే

నా భయాల్లో పెద్దది ఇది: నా కూతురు సహస్ర బళ్ళో కూర్చుని ఉండగా ఎవరో వచ్చి, పది రోజుల పని ఉంది పంపండి అని పిలుచుకుపోతారు. ఆ పది రోజులు ఎప్పటికీ అయిపోవు.

ఇది ఊరికే పుట్టిన భయం కాదు. నేను ఏడో తరగతిలో ఉండగా మా పెద్దమ్మ కూతురికి కానుపైంది. పసిపిల్లను ఎత్తుకోవడానికి నన్ను పది రోజులు పంపమన్నారు, పంపారు. ఆ పసిపిల్ల మొన్న తొమ్మిదో తరగతికి వచ్చింది. నేనింకా ఏడులోనే ఉన్నాను.

అందుకే సహస్రను బళ్ళో దింపాక కూడా రోజుకు రెండు మూడుసార్లు వెళ్ళి గేటులోంచి తొంగిచూస్తాను. మా ఆయన ఉపేందర్ బొగ్గుబాయిలో పనిచేస్తాడు. బడి దగ్గర సెక్యూరిటీ డ్యూటీ ఎప్పుడు ఎక్కావని ఎగతాళి చేస్తాడు. చేస్తే చేశాడు.

జూన్‌లో బడి తెరిచిన రోజు, శుక్రవారం, అలా తొంగిచూడటానికి వెళితే గేటుకు ఒక కాగితం అంటించి ఉంది. నేను చదవగలను గానీ మెల్లగా. పొడుగు మాట వస్తే దాటేసి ముందుకు పోతాను. అలా దాటుకుంటూ చదివితే నాకు తెలిసింది ఇది: బాలకార్మిక దినం సందర్భంగా ఈ ఆదివారం మన బడిలో ప్లే డే. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరినీ తొమ్మిది గంటలకల్లా పంపాలి.

మా గోదావరిఖనిలో ప్లేడే అంటే తెలియని ఇల్లు లేదు. ఆదివారం బాయికి సెలవు. ఆ సెలవునాడు డ్యూటీకి పిలిస్తే దాన్ని ప్లేడే అంటారు. ఒక్క రోజు పనికి రెండు మస్టర్లు, అంటే రెండు రోజుల హాజరు పడుతుంది. ప్లేడే ఇప్పించమని మగవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఆరేళ్ళ పిల్లలతో ఆదివారం డ్యూటీ చేయిస్తారా? అదీ బళ్ళో?

ఇంటికి పరుగెత్తుతూ దారిలో రాజకుమారి అక్క కర్రీ పాయింట్ దగ్గర ఆగాను. కడుపులో మాట ఆగక అంతా చెప్పేశాను. ఆమె మండిపడుతుందనుకున్నాను. ఆమె గరిటె తిప్పడం ఆపింది.

"రెండు మస్టర్లు ఇస్తరా?" అని అడిగింది.

"ప్లేడే అంటే రెండే కద అక్కా."

"ఎన్నేండ్ల పిల్లలు అన్నవు?"

ఆమె వెనక ఉల్లిగడ్డల కుప్ప ముందు యమున కూర్చుని ఉంది. యమునకు పన్నెండేళ్ళు. తల్లి లేదు, తండ్రి ఎక్కడో కూలికి పోతాడు. రామకృష్ణాపూర్‌లో నాయనమ్మ సమ్మవ్వ దగ్గర పెరిగింది. గోదావరిఖనిలో చదివిస్తానని చెప్పి రాజకుమారి అక్క ఆ పిల్లను నిరుడు తెచ్చుకుంది. తెచ్చినప్పటి నుంచి ఆ పిల్ల పొద్దున ఉల్లిగడ్డలు కోస్తుంది, తరువాత బోళ్ళు తోముతుంది. ఎవరైనా అడిగితే అక్క ఒకటే మాట చెబుతుంది: చుట్టాల పిల్ల, మా ఇంటి పిల్ల లెక్కనే.

మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చిన మా ఆయనకు ఈ సంగతి చెప్పి, నా బిడ్డను మాత్రం పంపనన్నాను. గేటు మీది కాగితానికి ఫోనులో తీసిన ఫోటో చూపించాను. ఆయన చదివి, గోడకు ఆనుకుని కూర్చుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"ప్లే అంటే ఆటనే పిచ్చిదానా. డే అంటే రోజు. ఆటల రోజు. ఇగో, ఈ మాట దాటేసినవు సూడు, వ్యతిరేక. పిల్లలతోని పని చేయించద్దని ప్రపంచమంత జరుపుకునే దినం ఇది."

"మరి బాయిల పనిదినానికి ఆ పేరెందుకు పెట్టిన్రు?"

"పెట్టినోళ్ళనడుగు."

నాకు సిగ్గేసింది. రాజకుమారి అక్కకు నిజం చెప్పి వద్దామని లేచాను. చెప్పుల్లో కాలు పెట్టాక ఆగిపోయాను. నేను వెళ్ళి చెబితే ఆదివారం యమున ఉల్లిగడ్డల దగ్గరే ఉంటుంది. చెప్పకపోతే బడి గేటు దాటుతుంది. ఒక్కసారి ఆ పిల్ల లోపలికి వెళితే హెడ్మాస్టరు సదయ్య సార్ ఊరుకునే మనిషి కాదు.

నేను నిలబడటం చూసి మా ఆయన నవ్వు ఆపాడు. ఆయనకు అర్థమైంది.

"పోకు," అన్నాడు. "నువ్వు చెప్పింది అబద్ధం గాదు, తప్పు. తప్పు దిద్దుకునుడు సోమారం నాడైనా అయితది."

శనివారం నాకు నరకం. కర్రీ పాయింట్‌కు వచ్చేవాళ్ళంతా బాయి మనుషులే. ఎవరో ఒకరు బడి కాగితం మాట ఎత్తి, అక్కా అవి ఆటలు అనేస్తే అంతా అయిపోతుంది. అందుకని కాపలాకు పోయినట్టు నేనే నాలుగుసార్లు పోయాను. ఊరికే నిలబడితే అనుమానం వస్తుందని పోయినప్పుడల్లా ఒక కూర కొన్నాను. రాత్రి మా ఇంట్లో పప్పు, వంకాయ, బెండకాయ, మళ్ళీ పప్పు. మా ఆయన నాలుగూ తిన్నాడు.

ఆదివారం తొమ్మిదికి నేను సహస్రతో బళ్ళో ఉండగా యమున వచ్చింది. తల శుభ్రంగా దువ్వుకుని, చంకలో మడతపెట్టిన పాత గుడ్డ పెట్టుకుంది. బరువులు మోసేటప్పుడు నెత్తిమీద చుట్టకుదురుగా పెట్టుకోవడానికట. తిన్నగా సదయ్య సార్ దగ్గరకు వెళ్ళి నిలబడింది.

"సార్, నేనేం మొయ్యాలె?"

సార్ ఆ గుడ్డను చూశాడు, ఆమె చేతివేళ్ళను చూశాడు. కత్తిపీట గాట్లు ఉన్నాయి వాటిమీద.

"ఏం మొయ్యద్దు తల్లీ. ఖోఖో ఆడు."

యమున నావైపు తిరిగి గుసగుసగా అడిగింది. "అక్కా, ఆడితే మస్టర్ పడ్తదా?"

నేను నోరు తెరిచేలోపే సార్ రిజిస్టరు తెరిచాడు. పడుతుందని చెప్పి, పేరు అడిగి రాసుకున్నాడు.

మొదట ఆ పిల్లకు పరుగు రాలేదు. ఎవరైనా ఖో అంటే లేచి, ఏదో తప్పు చేసినట్టు చుట్టూ చూసేది. మూడో ఆటకు చెప్పులు విడిచేసింది. ఆ తరువాత ఆమెను పట్టుకున్నవాళ్ళు లేరు. చుట్టకుదురు గుడ్డతో సహస్ర కళ్ళకు గంతలు కట్టారు. అది తడుముకుంటూ వచ్చి సార్ బొజ్జను పట్టుకుని, యమునక్కా దొరికావు అని అరిచింది. గ్రౌండంతా నవ్వు. తల్లులూ రావాలని పిల్లలు నన్ను కూడా లాగారు. చీర కుచ్చిళ్ళు దోపుకుని పరుగెత్తాను. ఎవరో వచ్చి పనికి పిలుస్తారన్న భయం ఆ కాసేపు లేదు. పధ్నాలుగేళ్ళయింది నేనలా పరుగెత్తి.

మధ్యాహ్నం గిరాకీ అయ్యాక రాజకుమారి అక్క వచ్చింది. దుమ్ము కొట్టుకుని, చెమటతో, నోరంతా నవ్వుగా ఉన్న యమునను చూసి గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది. ఏం పని చేయించారు, రెండు మస్టర్లు ఎవరిస్తారని సార్‌ను అడిగింది. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, దేశాలన్నీ కూడి పిల్లలను పనిలో పెట్టొద్దని ఒప్పందం చేసుకున్న సంగతి, మన దగ్గర దానికి చట్టం ఉన్న సంగతి నెమ్మదిగా చెప్పాడు. ఆమె తన పాత మాటే చెప్పింది, ఇంటి పిల్ల లెక్కనే అని.

"ఇంటి పిల్లయితే ఇంకా మంచిదాయె," అన్నాడు సార్. "పేరు రాసిన. పన్నెండేండ్లు గనుక ఏడో తరగతి. రేపటి సంది బడికొస్తది."

"మరి ఉల్లిగడ్డలు ఎవలు కొయ్యాలె సార్?"

"తినేటోళ్ళు."

ఆ తరువాత సార్ యమునను ఇంటి దగ్గర ఎవరున్నారని అడిగి, నాయనమ్మ నంబరు చెప్పమన్నాడు. ఆ పిల్ల పది అంకెలూ ఒక్క ఊపిరిలో చెప్పింది. యాడాదిగా లోపల చదువుకుంటున్న పాఠం అదొక్కటే కాబోలు. సార్ ఆ నంబరుకు చేసి ఫోను స్పీకరులో పెట్టాడు, యమున అవ్వా అని పిలిచింది.

"ఏం బిడ్డా, ఆదివారం గద, బడి లేదా ఇయ్యాల?" అంది సమ్మవ్వ.

యమున రాజకుమారి అక్కను చూసింది, నన్ను చూసింది. మేమెవరం సాయం పోలేదు.

"అవ్వా, నా పేరు ఇయ్యాల్నే రాసిన్రు."

అవతల సమ్మవ్వ ఎవరినో బస్సు టైము అడగడం వినిపించింది.

"రాజకుమారి ఉన్నదా ఆడ? ఉంటే ఉండుమను. నేను బస్సెక్కుతున్న."

రాజకుమారి అక్క ఉండలేదు. కానీ వెళ్ళేముందు యమున బట్టల సంచి తానే తెచ్చి గేటు దగ్గర పెట్టింది. దాన్లో ఒక డబ్బా నిండా కూర కూడా ఉంది.

పొద్దుగూకేలోపు సమ్మవ్వ దిగింది. మనవరాలిని ముట్టుకుని ముట్టుకుని చూసి, ఏడ్చి, ఇన్నాళ్ళూ చూసుకోలేదని నన్నూ సార్‌నూ ఇద్దరినీ తిట్టి, దీవించి, ఇదంతా ఎట్లా బయటపడిందని అడిగింది. తలవంచుకుని నా తప్పు చెప్పాను. ముసలామె మోకాళ్ళు చరుచుకుంటూ నవ్వింది.

"మా ముసలాయన ముప్పై ఏండ్లు ప్లేడేలు చేసిండు బిడ్డా. ఒక్కనాడు ఆడలే."

సమ్మవ్వ పిల్లను తనతో తీసుకుపోతాననడంతో సార్ రామకృష్ణాపూర్ బడి హెడ్మాస్టరుతో అప్పుడే మాట్లాడాడు. ఏ బళ్ళోనైనా, ఏ నెలలోనైనా పిల్లను చేర్చుకోవాల్సిందేనట, ఆ సంగతి కూడా నాకు ఆ రోజే తెలిసింది. ఆ రాత్రి నాయనమ్మ, మనవరాలు మా ఇంట్లోనే పడుకుని పొద్దున బస్సుకు వెళ్ళిపోయారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం యమున ఫోన్ చేస్తుంది. లెక్కల సార్ గొంతును అనుకరించి చూపిస్తుంది. బడి జట్టులో ఖోఖోకు తీసుకున్నారని చెప్పింది. అయితే రెండు ఆదివారాలుగా సమ్మవ్వ ఫోను స్విచాఫ్ వస్తోంది. చార్జర్ తీగ తెగి ఉంటుంది, ఫికర్ చెయ్యకు అంటాడు మా ఆయన. అంతే అయి ఉంటుంది. కానీ నా మనసు మీకు తెలిసిందే కదా. సహస్ర పరీక్షలు అయ్యేదాకా నేను కదలలేను. మీలో ఎవరైనా రామకృష్ణాపూర్ వైపు వెళితే, కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో సమ్మవ్వ ఇల్లెక్కడని అడగండి. యమున ఎట్లా ఉందో ఒక్కసారి చూసి రండి. ఇంట్లో కనబడకపోతే నాలాగా కంగారుపడకండి, ముందు బడి గ్రౌండులో చూడండి.