పూలజడ ఫోటో

నిరోషకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. రేపు తనకేమన్నా అయితే, అమ్మ మొఖం ఎట్లుంటదో తన బిడ్డ హన్వికకు తెల్వకుంట పోతది. ఆమెకు పాముల భయం లేదు, చీకటి భయం లేదు. మొగడు సాయిరాం కోపానికి వస్తడన్న భయం కూడా పెళ్లైన కొత్తల ఉన్నంత ఇప్పుడు లేదు. ఇదొక్కటి మాత్రం విడువదు. బోళ్లు తోముతుంటే వస్తది. బీడీల చాట ఒళ్లో పెట్టుకొని ఆకు చుడుతుంటే వస్తది. బిడ్డకు పాలిస్తూ ఇంత కన్ను మూసేటప్పుడు కూడా వచ్చి పక్కన కూసుంటది.

అది ఉత్తగ పుట్టిన భయం కాదు. నిరోషకు నడక రాకముందే వాళ్లమ్మ జ్వరమొచ్చి పోయింది. వర్ని కాడ తల్లిగారింట్ల ఆమెది ఒక్క ఫోటో లేదు. కొంచెం పెద్దదైనంక "అమ్మ ఎట్లుండె బాపూ?" అని అడిగితే, బాపు కాలువ దిక్కు చూసుకుంట "మంచిగుండె బిడ్డా" అన్నడు. అంతే. మంచిగుండుడంటే ఎట్ల? కండ్లు పెద్దగుండెనా? బొట్టు ఎంత పెట్టుకుంటుండె? కోపమొస్తే మొఖం ఎట్ల పెడుతుండె? బాపుకు ఇంక చెప్పరాలేదు. ఇంటర్ మొదటేడు పరీక్షలు రాయకముందే పెళ్లి చేసి బోధన్ పంపిండ్రు. పుస్తకాలు ఆడనే ఉండిపోయినయి గాని ఆ ప్రశ్నలు మాత్రం ఆమె వెంబడే అత్తగారింటికి వచ్చినయి. అద్దం ముందర నిలబడినప్పుడల్లా తన మొఖంల ఏది అమ్మదో ఏది బాపుదో ఏరుకునుడు అలవాటైంది.

ఇగ తన ఫోన్ తెరిస్తే అన్నీ బిడ్డ ఫోటోలే. సాయిరాం ఎత్తుకున్నవి, ఆడబిడ్డ వచ్చినప్పుడు ముద్దు పెడుతున్నవి, పక్కింటి జ్యోతిరాణి అక్క ఉయ్యాల ఊపుతున్నవి. అన్నీ తీసింది నిరోషనే. తీసేటామె కాబట్టే ఏ ఒక్కదాంట్ల ఆమె లేదు. ఒక ఫోటోల మాత్రం వాకిట్ల ఎండకు నేల మీద ఫోన్ పట్టుకున్న చేతుల నీడ పడ్డది. ఒకనాడు సాయిరాం చేతిల ఫోన్ పెట్టి "నన్నొకటి తియ్యరాదు, బిడ్డతోటి" అన్నది. "నువ్వు ఇంట్లనే ఉంటవ్ గద, ఎప్పుడన్న తీస్త" అన్నడు ఎరువుల దుకాణానికి పోయే తొందరల. ఆ మాట ఆమెకు చానా దినాలు గొంతుల ముల్లు లెక్క ఉండె. ఇంట్లనే ఉండేది గోడ కూడా. గోడను ఎవరు ఫోటో తీస్తరు?

గట్ల ఉండంగ బిడ్డకు పుట్టెంట్రుకలు తీయించే పండుగ ఒచ్చింది. ఆడపిల్లకు గుండు చేయించే ముందు సవరం కట్టి, పూలజడ వేసి, జడ కనబడెతట్టు పక్కకు అద్దం పెట్టి ఫోటో తీయించుడు ఈ దిక్కు ప్రతి ఇంట్ల ఉన్నదే. ఫోన్ల తీస్తే కుదరదు, కెమెరా ఉన్నాయననే పిలువాలె. సాయిరాం సరే అన్నడో లేదో నిరోషకు కాలు నేల మీద ఆగలేదు.

మొదలు జ్యోతిరాణి అక్క దగ్గర కూసున్నది. అక్క తన కొడుకు ఫోటోలు చెడిపోయిన కథంత చెప్పి నెత్తి కొట్టుకున్నది. ఆ ముచ్చట్లల్లకెల్లి నిరోష తనకు కావాల్సిన తెలివంత ఏరుకున్నది. ఇప్పటికి కూడా వాడకట్టుల ఎవరడిగినా గుక్క తిప్పుకోకుంట చెప్తది: ఏరిపెట్టిన ఫోటోలు చూపిస్తే మురువకుండ్రి, ఒక్క ఇంటి పండుగ మొదలుకెల్లి ఆఖరి దాక ఎట్ల తీసిండో చూపియ్యమనుండ్రి, అప్పుడు పనితనం బయట పడ్తది. పిల్ల పండుకొని లేచి, కడుపు నిండి ఆడుకునే యాల ఏదో చెప్పి ఆ యాలకే రమ్మనుండ్రి. ఆయన తీరిక చూసుకొని పిల్లను లేపితే ఏడుపు మొఖమే మిగుల్తది. మెరుపు చీర కట్టకుండ్రి, చీర కనబడ్తది, మనిషి కనబడదు. ఇంట్ల వెలుతురు ఎక్కడ మంచిగ పడ్తదో ముందుగాల మీరే చూసి పెట్టుకోండ్రి. అన్నిటికన్నా ముఖ్యం, మొఖాలు తెల్లగ చెయ్యొద్దని గట్టిగ చెప్పుండ్రి. చామనఛాయ పిల్ల చామనఛాయగనే ఉండాలె. లేకుంటే పెద్దగైనంక ఈ ఫోటోల ఉన్నది ఎవరని అడుగుతది.

ఫోటోగ్రాఫర్ ఆత్మారాంకు ఇవన్నీ ఫోన్ల చెప్పింది. "చెల్లె, నువ్వే కెమెరా పట్టుకుంటె అయిపోతుండె గద" అని ఆయన పకపక నవ్విండు. నిరోష కూడా నవ్వింది. కాని ఎవరెవరు ఫోటో దిగుతరో మాత్రం చెప్పలేదు. అది చెప్పాలనే తోచలేదు. బిడ్డ ఫోటో అంటే తల్లి ఉండదా, దాన్ని కూడా నోరు తెరిచి అడుగుతరా అనుకున్నది.

ఆ పొద్దున ఇంట్ల పెళ్లి సందడి లెక్కనే ఉండె. చాయ, ఉప్మా, సాయిరాం అంగికి ఇస్త్రీ, బిడ్డకు నలుగు, వాకిట్ల పేడనీళ్ల సాన్పు. చామంతులు, కనకాంబరాలు కుట్టి జడ తయారు చేసేసరికి వేళ్లన్నీ పూల వాసనే. ఎప్పుడు తంబాకు వాసన కొట్టే వేళ్లు! వాటిని ముక్కు కాడ పెట్టుకొని ఒక్కతే నవ్వుకున్నది. తను స్నానం చేసి సగం తల దువ్వుకున్నదో లేదో బయట బండి ఆగిన సప్పుడైంది.

"వచ్చిండు! వచ్చిండు!" అని ఉరికింది, దువ్వెన తలలనే ఉన్నది.

"నీకేమన్న పెళ్లిచూపులా గంత ఉరుకుతున్నవ్?" అన్నడు సాయిరాం.

ఆత్మారాం సరిహద్దు ఊరాయన. సంతోషమైతే నోట్లకెల్లి మరాఠీ ఊడిపడ్తది. తూర్పు తలుపు కాడ ఆమె ఏరిపెట్టిన జాగ చూసి "ఛాన్! ఛాన్!" అని మెచ్చుకున్నడు. అల్మారా పక్కకున్న అద్దం తెచ్చి కుర్చీకి ఏటవాలు పెట్టిండు. హన్వికను కూసోబెట్టిండ్రు. పూలజడ బరువుకు పిల్ల ఎన్కకు ఒరుగుతున్నది. ఒక్కపారి, రెండుపార్లు.

"చెల్లె, కుర్చీ ఎన్కకు కూసొని నడుం పట్టుకో."

నిరోష కూసున్నది. కెమెరా మెరిసింది. "అరె, అద్దంల నువ్వు పడుతున్నవ్" అన్నడు ఆత్మారాం.

"దానికేముంది" అని సాయిరాం మంచం మీది దుప్పటి తెచ్చి ఆమె మీద కప్పిండు. "ఒక్క నిమిషం కదలకు. అయిపోతది."

దుప్పటి కింద ఎర్రటి చీకటి. నిన్న తనే ఉతికిన దుప్పటి, సబ్బు వాసన ఇంక పోలేదు. బయట చూడొచ్చిన వాడకట్టోళ్లంత ఒక్కటే పిలుసుడు: బంగారం, ఇటు సూడు, నవ్వు, నవ్వు! బిడ్డ కిలకిల నవ్వింది. ఆ నవ్వు నిరోష అరచేతులకు తెలుస్తున్నది, చిన్న నడుం ఎగిరెగిరి పడుతున్నది. కండ్లకు మాత్రం తెలుస్తలేదు. వాడకట్టంత చూస్తున్న నవ్వును పట్టి నిలబెట్టిన మనిషికి చూసే రాత లేదు. గిట్లనే కావొచ్చు అనుకున్నది. అమ్మకు కూడా గిట్లనే అయ్యుంటది. ఎవరో ఆమె మొఖం మీద పనిగట్టుకొని ఏమి కప్పలేదు. జరంత పట్టుకో అన్నరు, జరంత ఆగు అన్నరు, తర్వాత దిగుతువు గాని అన్నరు. ఆమె సరే అన్నది. ఆ 'తర్వాత' అనేది రానే లేదు. ఒక మనిషిని లేకుండ చేసెతందుకు పగ అక్కర లేదు, తొందరుంటే సాలు.

"అయిపోయింది, ఫస్ట్ క్లాస్!" అన్నడు ఆత్మారాం.

నిరోష దుప్పటి తీసి, చెమట తుడుచుకుంట పోయి కెమెరాల చూసింది. బిడ్డ నిండు చందమామ లెక్క ఉన్నది. పక్కన అద్దంల, పూలజడ ఎన్కకు, పూలపూల దుప్పటి ముద్ద.

"గదేం ఫికర్ జేయకు చెల్లె, తర్వాత తీసేస్త."

"ఏం తీసేస్తవన్నా?"

"గదే, ఆ మూట."

"మూట కాదన్నా, గది నేను."

నిరోషకు తన గొంతు తనకే కొత్తగ వినబడ్డది. గుండె డప్పు కొడుతున్నది, కాని భయానికి కాదు. బతుకమ్మ ఆడెతందుకు గుంపులకు ఉరికేటప్పుడు కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నది. పోయి బిడ్డను ఒళ్లో పెట్టుకొని కుర్చీల తనే కూసున్నది.

"ఇప్పుడు తియ్యన్నా. అద్దం ఉండనియ్యి. నేనూ ఉంట."

"మరి నేను?" అన్నడు సాయిరాం, బస్సు తప్పిపోయినోని లెక్క.

"నువ్వు కూడా రా. నిన్నెవరు ఒద్దన్నరు?"

అంతట్ల వంటింట్లకెల్లి అత్త అనసూయమ్మ గొంతు వచ్చింది. "ముగ్గురు దిగొద్దురా! నడిమి మనిషి దక్కరంటరు!"

నిరోష బిడ్డను దగ్గరికి గుంజుకున్నది. నడిమి మనిషంటే బిడ్డనే అయితది. నమ్మకమో పిచ్చో గాని, బిడ్డ మీదికెల్లి వచ్చే మాటను కాలితోటి తన్నే ధైర్యం ఆమెకు లేదు. పక్కకొచ్చి నిలబడ్డ సాయిరాం అప్పుడే అటు జరిగిండు. ఆయన దిగాలంటే ఆమెనే జరగాలె. ఎన్నడైనా జరిగేది ఆమెనే. కుర్చీ చేతులు గట్టిగ పట్టుకొని ఆలోచన చేసింది. ముగ్గురు వద్దంటే ఒకరు లేచిపోవుడేనా? ఒకరు వస్తే కాదా?

బిడ్డను సంకకెత్తుకొని వంటింట్లకు నడిచింది. అనసూయమ్మ బూరెల మూకుడు ముందర కూసున్నది. ఫోటో తీసినంత సేపు గడప దాటలేదు.

"అత్తమ్మా, నలుగురమైతే దిగొచ్చు గద? నువ్వు రా."

"నేనా? నీకు మతి ఉన్నదా పిల్లా? మీ మామ పోయిన సంది నేను శుభం ఫోటోలల్ల నిలబడ్డనా?"

"దినాం బిడ్డకు నూనె రుద్దే చేతులు నీయే. అప్పుడు లేని అశుభం ఫోటోలకు ఏడికెల్లి వస్తది?"

"మీ ఆడబిడ్డ సూస్తే ఏమంటదో..."

"అననియ్యి. నేనొక్కదాన్నే ఎన్ని మాటలని పడ్త? నువ్వు కూడా పడు కొన్ని."

అనసూయమ్మ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నది. సాయిరాం గడపల నిలబడి తల గోక్కుంటున్నడు. తల్లి దిక్కు చూసిండు. ఆమెది ఒక్క ఫోటో కూడా తన ఫోన్ల లేదన్న సంగతి అప్పుడే తోచిందో ఏమో, మెల్లగ "రా అమ్మా" అన్నడు.

ఆమె పొయ్యి ఆర్పింది. చేతులు కడుక్కున్నది. బయటికి వస్తున్నదల్లా ఆగి, "ఆగుండ్రి, కొప్పన్న సక్కగ పెట్టుకోనియ్యుండ్రి" అన్నది. ఆత్మారాం "పెద్దమ్మా, నువ్వు నడిమిట్ల కూసో" అంటే చిన్న పిల్ల లెక్క సిగ్గుపడి కూసున్నది. హన్విక నానమ్మ చెవి పట్టుకొని గుంజింది. అందరు ఒక్కపారే నవ్విండ్రు. "ఛాన్!" అని ఆత్మారాం మీట నొక్కిండు.

ఫోటో వచ్చింది. నిరోష తల సగమే దువ్వి ఉన్నది, నోరు తెరిచి నవ్వుతున్నది, కండ్లు సగం మూసుకపోయినయి. "జర సక్కగ చేయమంటవా చెల్లె?" అని ఆత్మారాం అడిగితే, "ఒక్క వెంట్రుక కూడా ముట్టకన్నా" అన్నది.

ఇప్పుడు వాడకట్టుల ఫోటోల పని పడ్డోళ్లంత నిరోష దగ్గరికే వస్తరు. వెలుతురు సంగతి, పిల్ల నిద్ర సంగతి, చీర సంగతి అన్నీ ఓపికతోటి చెప్తది. ఇప్పుడు ఎవరెవరు దిగుతరో ముందే చెప్పుమని కూడా చెప్తది. ఆఖరుకు ఇంకొకటి చెప్తది, అది మీరు కూడా యాదుంచుకోండ్రి. ఫోటోగ్రాఫర్ కెమెరా సంచిల పెట్టకముందు ఒక్కపారి మీ వంటింట్లకు పోయి సూడుండ్రి. ఆడ ఎవరన్న ఉంటే పొయ్యి ఆర్పి తోల్కరాండ్రి.